చమురు పోసేవాళ్ళు

రాత్రి రెండున్నరకి గ్లఫీరా గొట్టం విప్పుతుంది.
పాత బంగాళాదుంపల గోదాములో ఏడు ఉక్కు పీపాలు,
ఒక్కోదాంట్లో నలుగురు, తలకిందులుగా.
మట్టం దిగితే ముందు పాదాలు పోవాలి,
తల చివరిదాకా మునిగే ఉండాలి.
అది మొదటిరోజే చెప్పారు.

నత్రజని పోస్తుంటే తెల్లటి పొగ నేలమీద పాకి
ఆమె బూట్ల దగ్గర ఆగుతుంది.
కొలకర్ర దించి, మంచు పట్టిన గుర్తు చూసి రాస్తుంది:
మూడో పీపా, నాలుగు వేళ్ళు తక్కువ.
కాగితాల్లో వీళ్ళు శవాలు కారు, రోగులు.
కాలం చేయలేదు వీళ్ళు,
కాలం కొనుక్కున్నారు, వాయిదాల మీద.

వోల్గా ఒడ్డున జ్వొనారొవోలో
వాళ్ళ ముత్తవ్వ ప్రస్కోవ్య పనీ ఇదే.
చర్చిలో పదకొండు దీపాలు.
నడిరాత్రి లేచి చమురు పోసేది.
దీపం కొండెక్కితే అరిష్టమని కాదు,
తెల్లారి ప్రార్థనకొచ్చే ముసలివాళ్ళు
మెట్టు కనపడక పడతారని.
దేవుడి గురించి ఎక్కువ మాట్లాడేది కాదట.

ఇరవైతొమ్మిదిలో గంట దించింది ఆమె మొగుడే,
యెవ్లంపీ.
రెండు టన్నుల కంచు. తాళ్ళు కట్టాడు, లెక్క వేశాడు,
ఒక్క ఇటుక రాలనివ్వలేదు.
పావురాలు లేచి మూడు రోజులు వాలలేదు.
ఆ సాయంత్రం సూపు గిన్నె ముందు పెట్టి ఆమె అడిగింది:
"గంట దించావు సరే.
చచ్చినోళ్ళు లేస్తారన్న మాట, దాన్నెక్కడ పెడతావు?"

నాలుగు రోజులు మాట్లాడలేదు.
ధాన్యం ఆఫీసు నుంచి ఒక లెక్కల పుస్తకం తెచ్చాడు.
"ఎవరో వచ్చి లేపుతారని కూర్చోవడం సోమరితనం.
మన మనవలు చదువుకుంటారు.
రేణువు రేణువూ ఏరి తెస్తారు. అందర్నీ.
ఒక్కణ్ణి వదిలినా అది న్యాయం కాదు."
గంటను దించినట్టే
పునరుత్థానాన్నీ తాళ్ళు కట్టి
మెల్లగా నేలకి దించుకున్నాడు.

ఇరవైఒకటి కరువులో పోయినవాళ్ళని రాయడం మొదలెట్టాడు.
రేపటి శాస్త్రవేత్తలు పొరబడకూడదు కదా.

*తిమొఫే. ఎడమచేతివాటం. ఈల వేస్తాడు, శ్రుతి ఉండదు.*
*ఉల్యానా, ఆరేళ్ళు. చీకటంటే భయం. పగలు లేపండి.*
*జాఖర్. నాకు మూడు రూబుళ్ళు బాకీ. అడగొద్దు.*
*పేరు తెలియదు. స్టేషన్ దగ్గర దొరికింది. చేతిలో చెంచా.*

నాలుగువందల పన్నెండుమంది.
ఆ పుస్తకం ఇప్పుడు గ్లఫీరా అన్నం సంచీలో ఉంటుంది.

పీపాల్లోవాళ్ళ ఒప్పందం అరవై పేజీలు.
ఒక చలికాలం మొత్తం కూర్చుని చదివింది.
ఎంతసేపు నిలవ, ఎంత వడ్డీ, కరెంటు పోతే ఎవరి పూచీ,
అన్నీ ఉన్నాయి.
"అందరూ" అన్న మాట లేదు.

"ఇక్కడ మతానికి చోటు లేదు," అంటాడు డైరెక్టరు
చూడ్డానికొచ్చిన బంధువులతో.
వాళ్ళు తలూపుతారు.
గుమ్మంలో టోపీలు తీస్తారు, ఎవరూ చెప్పకుండానే.
గొంతులు తగ్గుతాయి.
ఒకామె కొవ్వొత్తి తెచ్చింది.
నిప్పు నిషిద్ధమని బోర్డు చూపించి
గ్లఫీరా దాన్ని తీసుకుని జేబులో పెట్టుకుంది.
ఇంకా అక్కడే ఉంది, రెండుగా విరిగి.

నువ్వు నమ్ముతావా అని అడిగితే
జీతం ఏడో తారీఖున ఇస్తారంటుంది.

పుస్తకంలో చివరి పేరు వేరే చేతిరాత:
*యెవ్లంపీ. గంట దించినవాడు.*
*ఆ తర్వాత ప్రతి ఆదివారం, గంట కొట్టే వేళకి,*
*చేస్తున్న పని ఆపి తల పైకెత్తేవాడు.*

దాని కింద ఏమీ లేదు.
రాసినామె గురించి రాయడానికి
ఎవరూ మిగల్లేదు.

గ్లఫీరా పెన్సిలు తీస్తుంది.
ముత్తవ్వ కళ్ళ రంగు తెలియదు, నవ్వు తెలియదు,
ఎడమచెయ్యో కుడిచెయ్యో తెలియదు.
వేళ్ళు చల్లబడేదాకా అలాగే కూర్చుని
లేచి నాలుగో పీపా మూత తీస్తుంది.
రెండు వేళ్ళు తక్కువ.
పోస్తుంది.